గేట్‌వే పడిపోని నెల

కాలిపోయిన మోటారును అతను ముందు వాసన చూసేవాడు. దుకాణంలోకి ఎవరు మోసుకొచ్చినా మూత విప్పకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని, "తగలేశావు," అనేవాడు. రోగం పేరు అదే, తిట్టూ అదే. తెచ్చినవాడు సంజాయిషీ మొదలుపెడితే వినేవాడు కాదు.

మోటార్లు చుట్టడం అతని వృత్తి. కాలిన తీగ తీయడం భార్య పని. మోటారు గుల్లను కాళ్ళ మధ్య ఇరికించుకుని, ఉలితో తీగచుట్ట తల నరికి, గాడిలోంచి తీగ కట్టల్ని కటింగ్ ప్లేయరుతో లాగేది. ఆమె గోళ్ళ కింద మసి ఏ సబ్బుకూ పోయేది కాదు. కొత్త తీగ మాత్రం అతనే చుట్టేవాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు దుకాణంలో ఎవరూ నోరు విప్పకూడదు. ఒకసారి ఆమె అరచెయ్యి తెగింది. అతని లెక్క అయ్యేదాకా గుడ్డ చుట్టుకుని నిలబడింది. లెక్క అయ్యాక అతను తలెత్తి, "ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ నిలబడటం ఏమిటి, స్తంభంలా?"

వాళ్ళ కాపురం ఇలా సాగింది. అతను చెయ్యెత్తేవాడు కాదు. ఆ అవసరం రాలేదు.

దుకాణం వెనక గదిలో రేడియో ఉండేది. కుర్రతనంలోనే, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే హ్యామ్ లైసెన్సు తీసుకున్నాడు. మొదట్లో అందరిలాగే మైకు పట్టుకుని మాట్లాడటమే. తర్వాత రేడియో మీద ఈమెయిల్ వచ్చింది. ఫోను అందని చోట ఉన్న మనిషి రేడియోకి ఒక కంప్యూటరు తగిలించుకుంటాడు. అతని మెయిల్ గరగరమని గాల్లో వచ్చి, ఇంటర్నెట్ ఉన్న ఏదో ఒక స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి మామూలు మెయిల్‌లా పోతుంది. ఆ దిగే చోటు పేరు గేట్‌వే. అతని వెనక గది అలాంటి గేట్‌వే. హ్యాముల క్లబ్బులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "గేటు" అనేవారు. "గేటు తెరిచే ఉందా?" అంటే పలకరింపు. "గేటు మళ్ళీ పడిందటగా?" అంటే ఎగతాళి.

ఎగతాళే ఎక్కువగా వినపడేది. అది భార్య తమ్ముడి వల్ల.

నది కొండల్లోంచి బయటపడే చోట నీటిశాఖ వాళ్ళ గది ఒకటుంది. నీటిమట్టం కొలిచే పరికరం తన లెక్కను తనే ఉపగ్రహానికి చెప్పుకుంటుంది. ఆ పరికరానికి కాపలా బావమరిది. నెలకోసారి శాఖ ట్రాక్టరు సామాను పట్టుకెళ్ళేది. మిగతా రోజులు వాడూ, నీళ్ళూ, రాళ్ళూ. రోజూ మెట్లు దిగి, పరికరానికి అడ్డంపడ్డ చెత్తా కొమ్మలూ తీయడం వాడి పని. మెట్ల చివర లోతు.

వాడికి మూర్ఛ ఉంది. మాత్ర వేసుకుంటే రాదు. మానేస్తే వస్తుంది. ఆ సంగతి శాఖకు తెలియదు. తెలిస్తే నీటి అంచున నిలబడే ఉద్యోగం ఎవరిస్తారు? తెలిసింది అక్కకూ బావకూ. అక్క నెలనెలా ట్రాక్టరు మీద ఒక రేకు డబ్బా పంపేది. పైన తినేవి, అడుగున మాత్రలు. మధ్యలో ఏదైనా తేడా వస్తే వాడు మెయిల్ పెట్టేవాడు. మైకులో చెప్పే వీల్లేదు. మైకులో చెప్పడమంటే బజార్లో నిలబడి అరవడమే. రోజూ సాయంత్రం రేడియోలో బావ పిలిచే హాజరుకు పలికేటప్పుడు క్లబ్బంతా వింటుంది. నీటిశాఖ ఇంజనీరు కూడా క్లబ్బు మనిషే. మెయిల్ పోయేదీ ఆ గాల్లోనే. కానీ చెవికి గరగర తప్ప ఏమీ తెలియదు.

వాడికి రేడియో నేర్పింది బావే.

"ఒరే, నీకు నేర్పడం కంటే దున్నపోతుకు నేర్పడం సులువురా."

"దున్నపోతు దగ్గర నేర్చుకోవడం ఇంకా కష్టం బావా."

అప్పట్లో అక్క పక్కగదిలోంచి నవ్వేది. బావకు కూడా పెదవి వంకర తిరిగేది. వాడు పైకి వెళ్ళేటప్పుడు, ఎవరో పారేయబోతున్న లాప్‌టాప్ ఒకటి సంపాదించి, అందులో మెయిల్ ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చింది కూడా అతనే. "నువ్వు మతిమరుపు వెధవ్వి. మెయిల్ దిగకపోతే గంటకోసారి ఇదే మళ్ళీ పిలుస్తుంది. నువ్వు పడుకున్నా సరే," అన్నాడు. గది మీద సోలారు పలక ఉంది, కింద బ్యాటరీ ఉంది. అది పిలవగలదు.

కొన్నాళ్ళకు గేట్‌వే ప్రోగ్రాంకు కొత్త వెర్షన్ వచ్చింది. అతను వేసుకున్నాడు. అక్కడ మొదలైంది గొడవ. బావమరిది లాప్‌టాప్‌లో కొత్తది ఎక్కదు. పాతది కట్టిన మూట విప్పడం కొత్తదానికి సరిగ్గా రాదు. ఒక్కోసారి విప్పేది. ఒక్కోసారి విప్పబోయి దారి తప్పి, మొత్తం ప్రోగ్రామే ఆగిపోయేది. అప్పుడతను తీగ చుట్టడం మధ్యలో వదిలి, వార్నిష్ చేతులు తుడుచుకుని, వెనక గదికి వెళ్ళి మళ్ళీ నడిపించాలి. గంట తర్వాత అదే మెయిల్ మళ్ళీ వచ్చి ఎలాగో దిగేది. ఈలోగా క్లబ్బులో ఎవడో ఒకడు గేటు పడిందని చాటేవాడు.

ఆ చాటేవాళ్ళలో ముందుండేవాడు పళ్ళ డాక్టరు. క్లబ్బు ప్రెసిడెంటు కూడా అతనే. అతనికీ ఒక గేట్‌వే ఉంది. మేడ మీద ఖరీదైన యాంటెన్నా ఉంది. కానీ కొండ అడ్డం వచ్చి, ఎగువనుంచి పిలిచేవాళ్ళు అతనికి వినపడరు.

"నీ గేటు నిలబడిన రోజు చెప్పు, మిఠాయి పంచుతాను," అన్నాడు ఒక సాయంత్రం, అందరూ వింటుండగా.

"మిఠాయి నువ్వే పంచాలి. పళ్ళు పుచ్చితే నీకే బేరం," అన్నాడు గేటు. నవ్వులు వినపడ్డాయి. కానీ ఆ మాట అతనికి ములుకులా దిగింది. రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు నెమరేశాడు. భార్య విననట్టు వడ్డించింది.

వానలు మొదలయ్యే ముందు హ్యాముల పెద్ద సంఘం నుంచి ప్రకటన వచ్చింది. వచ్చే నెలంతా గేట్‌వేలను కనిపెట్టి చూస్తారు. ఏది ఒక్కసారి కూడా పడిపోకుండా నిలబడి, ఎక్కువ లింకులు అందుకుంటుందో అదే ప్రధాన గేట్‌వే. వరదలొస్తే సహాయం మెయిళ్ళన్నీ దాని ద్వారానే పోతాయి.

ప్రోగ్రాం సెట్టింగుల్లో అడుగున ఒక చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే పాత వెర్షన్ ఉన్న స్టేషన్ మెయిల్ లోపలికి రాదు. పిలుపు కలుస్తుంది, రెండు ప్రోగ్రాములూ వెర్షన్ చెప్పుకుంటాయి, చెల్లదని గేట్‌వే తెంపేస్తుంది. లోపలికి రాని మూట ఎవర్నీ పడగొట్టదు.

అతను టిక్కు పెట్టాడు. ఆలోచించాల్సింది ఏమీ కనపడలేదు. మోటారులో ఒక్క చుట్టలో షార్టు ఉండి, తెచ్చినవాడికి తొందరగా ఉంటే, ఆ ఒక్క చుట్టను కోసి పక్కనపెట్టి మిగతావాటితో నడిపించడం అతనికి చేతికి వచ్చిన పని. మోటారు నడుస్తుంది. తెచ్చినవాడు తీసుకెళ్తాడు.

భార్యకు చెప్పలేదు. బావమరిదికి మాత్రం సాయంత్రం హాజరులో అందరితోపాటు చెప్పాడు. "ఇవాళ్టినుంచి పాత డొక్కులకు మా గేటు తెరుచుకోదు. కావాల్సినవాళ్ళు కొత్తది పెట్టుకోండి."

"నా దాంట్లో ఎక్కదు బావా."

"దానికి నేనేం చెయ్యను? నెత్తిన పెట్టుకుని ఊరేగు."

ఆ నెలలో వాన ముందే దిగింది. ఎగువన గది కప్పు కారింది. బావమరిది నీటి మెట్ల దగ్గర ఉండగా రేకు డబ్బాలోకి నీళ్ళు చేరాయి. వచ్చి చూసేసరికి మాత్రలు పిండిముద్ద. ఆ ముద్దనే గోటితో గీరి కొన్నాళ్ళు నాలిక మీద వేసుకున్నాడు. ట్రాక్టరు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. నడిచి దిగుదామంటే దారి పొడుగునా నది అంచే. అక్కకు మెయిల్ రాశాడు. మాత్రలు పాడయ్యాయి, ఎవరిచేతైనా పంపించు, త్వరగా. మెయిల్ పోలేదు. వెర్షన్ చెల్లదన్న ముక్క తెర మీద కనపడింది. గంటకు మళ్ళీ అదే ముక్క.

గేట్‌వే దగ్గర మాత్రం లింకుల లెక్క ఒకటి పెరిగింది. మెయిల్ దిగినా దిగకపోయినా, పిలుపు కలిస్తే లింకే. గంటగంటకూ ఒకటి పెరుగుతూ పోయింది. ఆ పెరగడం అతను చూశాడు. ఎవరి వల్లో కూడా చూశాడు. మంచిదేగా అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం హాజరులో బావమరిది గొంతు వినపడింది. కొంచెం బొంగురుగా ఉంది.

"బావా, ఒక్క మెయిల్ ఉంది. ఒక్కసారి తెరువు."

"హాజరు చెప్పరా ముందు. పెళ్ళికొచ్చినట్టు మాట్లాడతావేం?"

"హాజరు. మెయిల్ అక్కకి బావా. ఒక్కటే."

"మీ అక్క గుండ్రాయిలా ఉంది. బెంగపెట్టుకోకు."

ఎవరో నవ్వారు. పళ్ళ డాక్టరు అందుకున్నాడు. "ఏమయ్యా గేటూ, సొంత బావమరిదికే తలుపు వేశావా? నిలబడటానికి ఇదా నీ చిట్కా?"

ఆ మాటతో దారి మూసుకుపోయింది. ఇక తెరిస్తే డాక్టరు మాటకు తలవంచినట్టే.

"అవసరమేమిటో మైకులో చెప్పు. నేనే రాసి పంపుతాను," అన్నాడు బావమరిదితో.

కాసేపు గాలి చప్పుడు. నీటిశాఖ ఇంజనీరు అప్పుడే హాజరు చెప్పి ఉన్నాడు. ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినపడింది.

"ఏమయ్యా, పైన అంతా బాగానే ఉందా?" అన్నాడు ఇంజనీరు.

"బాగానే ఉందండి."

"మరేంటి నీ గోల?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా. అక్కకి... రేకు డబ్బా తడిసిందని చెప్పు. అంతే."

"ఓహో. తినేవి తడిశాయా పాపం! చంటిపిల్లాడు, పాలసీసా పంపిస్తాంలే."

ఈసారి చాలామంది నవ్వారు. బావకు ఆ డబ్బా అడుగున ఏముంటుందో తెలుసు. తెలిసింది ఆ క్షణంలో తట్టలేదు. నవ్వు వచ్చిన చోట మాట ఆపడం అతనికి చేతకాదు. తర్వాతి హాజరు పిలిచాడు. దుకాణంలోకి వచ్చేసరికి, అప్పగించిన మోటారు కోసం ఒకడు కాచుక్కూర్చుని ఉన్నాడు. డబ్బా సంగతి భార్యకు చెప్పడం మరిచిపోయాడు.

ఆ తర్వాతి వారంలో ఏదో ఒక ఉదయం, కొట్టుకొచ్చిన కొమ్మను లాగడానికి బావమరిది మెట్లు దిగాడు. మూర్ఛ వచ్చింది. ముఖం నీళ్ళలోకి పడింది. లోతున్న చోటు కాదు. లోతు అక్కర్లేకపోయింది.

పైన గదిలో పలకకు ఎండ తగులుతోంది. బ్యాటరీ నిండుతోంది. లాప్‌టాప్ గంటకోసారి పిలుస్తోంది.

"తమ్ముడు పలికాడా?" అని భార్య రోజూ అడిగేది. పొయ్యి దగ్గర్నుంచి, చేతిలో పని ఆపకుండా.

అతను వెనక గదిలోకి తొంగిచూసి, తెర మీద వాడి స్టేషన్ గుర్తు, కాల్‌సైన్ చూసి, "పలుకుతూనే ఉన్నాడు. గంటగంటకీ. మీవాడికి ఇంకేం పని!" అనేవాడు.

"సాయంత్రం హాజరులో వినపడటం లేదన్నావుగా?"

"అలిగాడు. మీ ఇంటి అలకలు నాకు కొత్తా? నోరు మూసుకున్నా వేలు ఊరుకోవడం లేదు. చూడు, ఇప్పుడే మళ్ళీ పిలిచాడు."

ఆమె నవ్వుకుంది. చిన్నప్పుడూ అంతే, అలిగితే మాట్లాడడు గాని చుట్టూ తిరుగుతూనే ఉంటాడు అంది. ఆ వారం డబ్బా కొంచెం పెద్దది కొంది.

గేట్‌వే నిలబడింది. ఉరుములకు కూడా పడలేదు. సంఘం వాళ్ళు వారానికోసారి పెట్టే వరసలో అతని స్టేషన్ మూడో చోటునుంచి రెండుకు, రెండునుంచి ఒకటికి ఎక్కింది. నిలబడటంలో డాక్టరు కూడా తగ్గలేదు. తేడా లింకుల దగ్గరే. డాక్టరు సాయంత్రాలు పొడిగా మాట్లాడేవాడు. అతను దుకాణానికి వచ్చినవాళ్ళకు టీ తెప్పించాడు. అలా ఎప్పుడూ చేసి ఎరగడు.

ట్రాక్టరు వెళ్ళిన మర్నాడు డ్రైవరు దుకాణానికి వచ్చాడు. ఆమె అప్పగించిన పెద్ద డబ్బా అతని చేతిలోనే ఉంది. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"అమ్మా, మీ తమ్ముడు లేడు."

"ఎక్కడికెళ్ళాడు?"

"లేడమ్మా. మెట్ల దగ్గర పడి ఉన్నాడు. టార్పాలిన్‌లో చుట్టి తెచ్చాం. ఆస్పత్రి దగ్గర ఉంచారు. చాలా రోజులయ్యుంటుందన్నారు."

"చాలా రోజులేంటి?" అంది ఆమె. "నీకెవరో తప్పు చెప్పారు. ఇవాళ పొద్దున్న కూడా పలికాడు. ఈయన చూశాడు. చెప్పు," అంది భర్త వైపు తిరిగి.

అతను చుట్ట చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. తీగ చివర వదులై, చుట్లు ఒక్కొక్కటే జారి ఒళ్ళో పడుతున్నాయి.

డ్రైవరు అతని వంక చూసి, ఆమె వంక చూశాడు. "గదిలో పెట్టె మాత్రం వెలుగుతోందమ్మా. మనిషి లేకుండా అదే గరగరమంటోంది. భయమేసింది. నేను ముట్టుకోలేదు."

డబ్బా గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అంత్యక్రియలు అయ్యాక, ఇంటికొచ్చిన మనుషులు వెళ్ళిపోయాక, ఆమె వెనక గదిలోకి వచ్చింది. ఊడ్చడానికి తప్ప ఎన్నడూ రాని గది. తెర ముందు నిలబడింది. రేడియో గరగరమంది. తెర మీద తమ్ముడి కాల్‌సైన్ వెలిగి ఆరింది. పక్కన అంకె మారింది.

"ఇది వాడేనా?"

"వాడి పెట్టె."

"ఏం పంపుతోంది?"

"ఏదో మెయిల్. తెలీదు. లోపలికి రాలేదుగా."

"ఎందుకు రాలేదు?"

"వాడిది పాత వెర్షనే. దిగితే ప్రోగ్రాం పడిపోతుంది. అందుకని..."

"అందుకని?"

"ఆపాను. ఒక్క వాడికే అని కాదు. పాతవన్నిటికీ."

"పాతవి ఇంకెవరికున్నాయి?"

ఎవరికీ లేవు. ఆమె మామూలు గొంతుతో, కూర మాడుతోందని చెప్పినట్టు, "తెరువు," అంది.

"తెరుస్తాను. నెలాఖరు దాకా ఆగు. ఎన్నో రోజులు లేవు. ఇప్పుడు పడిందంటే ఇన్నాళ్ళ నిలబడటం మట్టిలో కలిసిపోతుంది. ఆ పళ్ళోడు..."

"అది నాకు రాసింది."

"నీకే. ఎవరు కాదన్నారు? మెయిల్ ఎక్కడికీ పోదు. వాడి పెట్టెలోనే భద్రంగా ఉంటుంది. అవతల మనిషే లేనప్పుడు ఇవాళ చదివితే ఏంటి, రేపు చదివితే ఏంటి?"

ఆమె అతని ముఖం చూసింది. తర్వాత ఒక స్టూలు తెచ్చి వేసుకుని తెర ముందు కూర్చుంది. ఆ గదిలో ఏ బటను ఏమిటో ఆమెకు తెలియదు. తెలియనిదాన్ని చేత్తో కెలికితే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. కరెంటు తీగ పీకొచ్చు. పీకితే పిలుపు కూడా వినపడదు. కాలిన మోటార్లు దుకాణంలో పేరుకున్నాయి. అతను తనే తీగ లాగుకున్నాడు. వేళ్ళు తెగి విసుక్కున్నాడు. గంటకోసారి గరగర వినపడేది. ఆమె లేచి నిలబడేది. అంకె మారేది. మళ్ళీ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం గంట దాటింది, గరగర లేదు. ఇంకో గంట చూసింది.

"మబ్బు పట్టి ఉంటుంది. బ్యాటరీ దిగిపోయుంటుంది," అన్నాడతను.

ఆమె ఇంజనీరుకు ఫోను చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "గది ఖాళీ చేయించామమ్మా. కొత్త మనిషి రావాలిగా. ఆ పాత సామాను తుక్కు. మావాళ్ళు అక్కడే నీళ్ళలో పారేసి ఉంటారు." కొంచెం ఆగి, "మూర్ఛ ఉందటగా, ఆస్పత్రిలో మీరే చెప్పారట. ముందే చెప్పి ఉంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళమే కాదు. అతని మంచి కోసమే అంటున్నాను," అన్నాడు.

నెలాఖరున ఫలితం వచ్చింది. ప్రధాన గేట్‌వే అతనిదే. క్లబ్బు సమావేశంలో ముందు బావమరిది కాల్‌సైన్ చదివారు. అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. హ్యాములు పోయినవాళ్ళకు చేసే మర్యాద అది. కుర్చీలు మళ్ళీ చప్పుడు చేశాయి. టీలు వచ్చాయి. పళ్ళ డాక్టరు ఫ్రేము కట్టిన కాగితం ఒకటి అతని చేతికిస్తూ, "నిలబడటంలో ఇద్దరం సమానమే. లింకుల్లో ఈయన నన్ను దాటేశాడు. ఆ లింకులు ఎక్కువగా ఎగువనుంచి వచ్చినవే," అన్నాడు. పొడిచాడో పొగిడాడో ఎవరికీ తెలియలేదు. చప్పట్లు కొట్టారు. అతను రెండు చేతులతో అందుకున్నాడు.

ఇంటికొచ్చి, భార్య చూస్తుండగా, గడిలోంచి టిక్కు తీసేశాడు.

"ఇదిగో. తెరిచాను. చెప్పిన మాట తప్పలేదుగా?"

ఆమె స్టూలు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది.

కొన్నాళ్ళకు ఎగువ గదికి కొత్త కాపలామనిషి వెళ్ళాడు. అతనికి శాఖ కొత్త లాప్‌టాప్ ఇచ్చింది. మొదటి సాయంత్రమే అతని మెయిల్ ఒక్క పిలుపుకు దిగింది. క్షేమంగా చేరానని తల్లికి రాసుకున్నాడు. గేటు తెర ముందునుంచి లేచొచ్చి, ఉత్సాహం పట్టలేక, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"చూశావా? అటూ ఇటూ ఒకే వెర్షన్ ఉంటే ఎంత సాఫీగా పోతుందో."

ఆమె అతనికి భోజనం పెట్టింది. పెట్టి, పక్కన నిలబడింది. అతను తింటూ డాక్టరు యాంటెన్నా ఎందుకు పనికిరాదో చెబుతూ పోయాడు.